ఆటవస్తువులు ఇంట్లోనే – 4వ పాఠం: రంగు బియ్యం బాగుచేసుకుని, చప్పుడు డబ్బాల్లోకి

ఈసారి చప్పుడు డబ్బాలు, అంటే ఊపి, చప్పుడు విని జతపెట్టే ఆట. అయితే ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి, అందులో పిల్లల ఆటకు బియ్యానికి రంగు వేశాం. మూడోరోజుకే రంగు బియ్యం ముక్కవాసన వేసిందన్నవాళ్లు, పిల్లల చేతులకు రంగు అంటిందన్నవాళ్లు చాలామంది. రెండింటికీ కారణం నీళ్లే. ‘కొద్దిగా తడిపి’ అని రాసి ఊరుకోవడం ఈ పాఠాల తప్పు. కొలత ఇచ్చి ఉండాల్సింది.

200 గ్రాముల బియ్యానికి ఒక టీస్పూను తెల్ల వెనిగర్, చిటికెడు పొడి ఫుడ్ కలర్. అంతకుమించి చుక్క నీరు వద్దు. రంగు ముందు వెనిగర్‌లో కరగాలి. పొడిని నేరుగా బియ్యం మీద చల్లితే మచ్చలుగా పడుతుంది, ఆరాక అదే పొడి వేళ్లకు రాలుతుంది. జిప్ కవర్లో పోసి నిమిషంపాటు ఊపి, పళ్లేల్లో పలచగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. మామూలు రోజుల్లో మూడు గంటలు, వానాకాలంలో రాత్రంతా. ఒక గుప్పెడు తెల్లగుడ్డలో మూటకట్టి నలపండి. తడిమరక పడితే ఇంకా ఆరలేదన్నమాట.

బీట్‌రూట్ రసం పోసినవాళ్ల బియ్యం గోధుమరంగుకు తిరిగి పులిసిందంటే వింతేమీ లేదు. ఆ రసంలో ఉండేది చాలావరకు నీళ్లు, మిగతాదాంట్లో చక్కెర. నిమ్మరసం ఆరాక జిగటగా ఉంటుంది. పసుపు బాగానే పడుతుంది గానీ దుప్పట్లకు కూడా పడుతుంది. ముగ్గు రంగులు, కుంకుమ మాత్రం వద్దే వద్దు. బూజు కనిపించిన బియ్యాన్ని ఎండబెట్టి మళ్లీ వాడకండి, పారేయండి. అన్నట్టు, దీనికి సోనా మసూరి దండగ. లావు గింజ బియ్యం మీదే రంగు నిండుగా కనబడుతుంది.

ఇక డబ్బాలు. పిల్లలు వస్తువులు చేతపట్టి నేర్చుకునే మాంటిస్సోరి బడుల్లో ఎర్రమూతలవి ఆరు, నీలం మూతలవి ఆరు ఉంటాయి. ఎర్రదాన్ని ఊపి, అదే చప్పుడు చేసే నీలందాన్ని వెతకాలి. మనకు మొదట మూడు జతలు చాలు: చింతగింజలు, బియ్యం, బొంబాయి రవ్వ. ఆవాలు, రాగులు రెండూ పెట్టకండి, పెద్దవాళ్లకే తేడా తెలియదు. ఉప్పు కూడా వద్దు, వానల్లో గడ్డకట్టి మూగబోతుంది.

ప్లాస్టిక్ సామాన్ల కొట్లో 60 మిల్లీలీటర్ల మూత డబ్బాలు, ఒకే అచ్చువి ఆరు తీసుకోండి. గోడ మందం మారితే చప్పుడూ మారుతుంది. లోపలిది కనబడితే పిల్లలు చెవి మానేసి కంటితో జతపెడతారు, కాబట్టి బయట అట్టకాగితం చుట్టండి. ఖాళీ మందు డబ్బాలు ఎంత కుదురుగా ఉన్నా వాడకండి. మందు డబ్బా ఆటవస్తువని పిల్లలకు మనమే నేర్పినట్టవుతుంది.

ఎంత నింపాలన్న దగ్గర ఎన్నిసార్లు చెప్పినా అదే పొరపాటు: ‘ఎక్కువ పోస్తే ఎక్కువ మోగుతుంది’. మోగదు. గింజ కదిలి, ఎగిరి, గోడకు తగిలితేనే చప్పుడు. మూతదాకా నింపితే గింజకు కదిలే చోటే ఉండదు, ఊపితే ఇటుకను ఊపినట్టుంటుంది. సగం నింపినా గింజలు ఒకదాన్నొకటి కొట్టుకుని గరగర తప్ప ఏమీ రాదు, అప్పుడు బియ్యమూ రవ్వా ఒకేలా వినిపిస్తాయి. మరీ అరచెంచా అయితే రవ్వ అసలు వినపడదు. పావువంతు సరైన కొలత. 60 మిల్లీలీటర్ల డబ్బాకు మూడు టీస్పూన్లు, అవీ చాకుతో పైన గీకినవి. ఒకదాంట్లో గీకిన చెంచాలు, జతలో గుట్టగా నింపిన చెంచాలు పోస్తే జత చెడినట్టే. వంటింటి తూకం ఉంటే రెండూ ఒకే గ్రాములకు తూచండి. చింతగింజలు మాత్రం లెక్కపెట్టి వేయాలి, ఇటు ఆరు, అటు ఆరు, సైజు చూసుకుని.

తెల్లజిగురు ఈ రకం ప్లాస్టిక్‌కు సరిగా పట్టదు. మూత బిగించి, చుట్టూ కరెంటు టేపు రెండు చుట్లు వేయండి. నడుమెత్తు నుంచి నేల మీద మూడుసార్లు పడేయండి. ఊడితే పిల్లల చేతికి ఇవ్వకండి. గింజ ముక్కులోకి పోతే తడికి ఉబ్బుతుంది. పిన్నుతో కెలకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడేళ్లలోపు వాళ్లకైతే టేపు వేసినా పక్కన కూర్చునే ఇవ్వండి. జతలకు అడుగున ఒకే రంగు చుక్క పెడితే తప్పొప్పులు పిల్లలే తిరగేసి చూసుకుంటారు, మీరు ‘కాదు’ అనక్కర్లేదు.

అభ్యాసం: కళ్లు మూసుకుని ఆరు డబ్బాలూ మీరే జతపెట్టండి. ఫ్యాను ఆపి పదిసార్లు, ఫ్యాను తిరుగుతుండగా పదిసార్లు. ఒక్కసారి తప్పినా మూత విప్పి కొలత సరిచేసి మళ్లీ మొదటినుంచి. ఆ తర్వాతే పిల్లలకు. వారంపాటు ఏ జత దగ్గర తడబడుతున్నారో రోజూ ఒక ముక్క రాసిపెట్టండి, నాలుగో జతగా ఏం పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.

వచ్చే పాఠం చేతి స్పర్శ మీద. గరుకు కాగితం (శాండ్‌పేపర్) 60, 120, 220 నంబర్లవి ఒక్కో షీటు తెచ్చి ఉంచుకోండి.