ట్రామా థెరపీకి మొదటిసారి వెళ్తున్నారా? అంతా మొదటిరోజే చెప్పక్కర్లేదు

రోడ్డు ప్రమాదం, దాడి, చిన్నప్పటి లైంగిక వేధింపు, ఇంట్లో ఏళ్ల తరబడి తిన్న దెబ్బలు. ఇలాంటివి జరిగి నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు ఆగకపోతే, ఆ దారిన వెళ్లాలన్నా ఆ మాట ఎత్తాలన్నా గుండె దడదడలాడుతుంటే, ట్రామా (అలాంటివాటి వల్ల మనసుకు తగిలిన గాయం) మీద పనిచేసే థెరపీ అవసరం. 'అదంతా మళ్లీ చెప్పుకోవాలా' అన్న భయంతోనే చాలామంది వాయిదా వేస్తారు. ఏది ఎప్పుడు చెప్పాలో మీ చేతిలోనే ఉంటుంది. ఆ పగ్గం లాక్కునే కౌన్సెలర్ మీకు పనికిరారు.

ముందు మనిషిని చూసుకోవాలి. మన ఊళ్లలో వారాంతపు కోర్సు చేసినవాళ్లు కూడా 'కౌన్సెలర్' బోర్డు పెట్టేస్తున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి; అడిగితే చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. సైకియాట్రిస్ట్ అంటే డాక్టర్, మందులు రాస్తారు. సైకాలజీలో ఎం.ఏ. చేసిన కౌన్సెలర్లలోనూ మంచివాళ్లున్నారు, కాకపోతే ట్రామాలో విడిగా శిక్షణ పొందారా, పైన సీనియర్ పర్యవేక్షణ ఉందా అన్నది తేల్చుకోవాలి.

ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే సగం తేలిపోతుంది. 'ట్రామాకు ఏ పద్ధతి వాడతారు?' అని అడగండి. ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూఇటూ కదిపించే పద్ధతి), ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (తప్పించుకుంటున్న జ్ఞాపకాన్ని మెల్లగా ఎదుర్కోవడం), కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (జరిగినదాని గురించి మనసులో నాటుకున్న ఆలోచనల్ని సరిచూసుకోవడం), పిల్లలకైతే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే థెరపీ) లాంటి పేరు ఏదో ఒకటి వినిపించాలి. 'ఒక్క సిట్టింగ్‌లో తీసేస్తాం', 'హిప్నాసిస్‌తో మీకు గుర్తులేనివి కూడా బయటికి లాగుతాం' అంటే ఫోన్ పెట్టేయండి. అలా లాగినప్పుడు జరగనివి జరిగినట్టు మనసులో నాటుకునే ప్రమాదం ఉంది. తెలుగులో మాట్లాడతారా అన్నదీ అడగండి. ఆ రోజు చెవిన పడ్డ తిట్లు తెలుగువైతే, వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పేటప్పుడు వాటి పదును పోతుంది. పని జరగాల్సింది ఆ పదునుతోనే.

డబ్బు లెక్క ముందే వేసుకోవాలి. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సాధారణంగా 12 సెషన్లు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ 8 నుంచి 15, అదీ ఒక్కోటి 90 నిమిషాలు. 45 నిమిషాల స్లాట్లు మాత్రమే ఇచ్చేచోట అది సరిగా సాగదు. సెషన్‌కు 1,500 అనుకుంటే 12 సెషన్లకు 18,000. ఏళ్ల తరబడి సాగిన హింసకు ఇంకా ఎక్కువ పట్టొచ్చు. మానసిక జబ్బుకూ ఒంటి జబ్బులాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తుంది కానీ, చాలా పాలసీల్లో ఓపీ ఫీజులు అసలే రావు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

గోప్యత గురించి మొదటి సెషన్‌లోనే స్పష్టంగా మాట్లాడుకోండి. మీరు చెప్పింది మీ భర్తకో, నాన్నకో, ఫీజు కట్టే అన్నయ్యకో చేరకూడదు. ప్రాణాపాయం ఉంటే తప్ప. ఇంకో మినహాయింపు: 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరుగుతోందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఇక కొట్టే మనిషితో ఇంకా ఒకే ఇంట్లో ఉంటే, 'ఇద్దరూ కలిసి రండి' అన్న మాటకు ఒప్పుకోకండి. గదిలో మీరన్న మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు పడతాయి.

వెళ్లేముందు ఒక పేజీ రాసుకోండి. వివరాలొద్దు, శీర్షికలు చాలు: 'పదేళ్లప్పుడు, బంధువు' అంతవరకే. నిద్ర ఎన్ని గంటలు, ఏం చూస్తే ఉలిక్కిపడతారు, మందు తాగుతారా, చచ్చిపోవాలనిపిస్తుందా, ఏ మాత్రలు వేసుకుంటున్నారు. నిద్రకు అల్ప్రాజోలం లాంటివి వాడుతుంటే తప్పక చెప్పండి. డాక్టర్‌ని అడక్కుండా హఠాత్తుగా మాత్రం ఆపొద్దు. ఏదైనా తిని వెళ్లండి. సెషన్ అయ్యాక రెండు గంటలు ఖాళీ ఉంచుకోండి, వెంటనే బండి నడపకండి. ఆన్‌లైన్ అయితే తలుపు, ఇయర్‌ఫోన్లు, అత్తగారు గుడికెళ్లే వేళ, అన్నీ చూసుకోవాల్సిందే.

మొదటి కొన్ని సెషన్లలో మనసును నిలబెట్టుకునే పద్ధతులు నేర్పుతారు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. కంటికి కనబడే ఐదు, చేతికి తగిలే నాలుగు, చెవిన పడే మూడు పేర్లు చెప్పుకోవడం. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. మొదటిరోజే 'ఏం జరిగిందో పూర్తిగా చెప్పండి' అనడం ఒకటి. పది సెషన్లయినా ఊపిరి దగ్గరే ఆగిపోవడం రెండోది. రెండోది హాయిగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, డబ్బు మాత్రం అయిపోతుంది. నాలుగైదు సెషన్ల తర్వాత 'అసలు పని, అంటే జరిగినదాని మీద పని, ఎప్పుడు?' అని మీరే అడగండి.

అసలు పని మొదలయ్యాక రెండు మూడు వారాలు పీడకలలు పెరగొచ్చు. చాలామంది మానేసేది ఇక్కడే. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో సెషన్‌లో జరిగింది చెప్తున్న మీ గొంతు రికార్డింగ్‌ని రోజూ ఇంట్లో వినమంటారు. దాన్ని అందరూ వాడే ఫోన్‌లో పెట్టకండి, పాస్‌వర్డ్ తప్పనిసరి. పీడకలలు వేరు, గంటల కొద్దీ ఏం జరిగిందో గుర్తులేకుండా పోవడం వేరు. అలా అవుతున్నా, ఒంటికి హాని చేసుకోవాలనిపిస్తున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా కౌన్సెలర్‌కు చెప్పాలి, వేగం తగ్గిస్తారు. అర్ధరాత్రయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 112.

ఫలితాన్ని మనసుకు తోచినట్టు కాక అంకెల్లో చూసుకోండి. ట్రామా లక్షణాలు ఎంతున్నాయో కొలిచే పీసీఎల్-5 అని 20 ప్రశ్నల పత్రం ఉంది, మార్కులు 0 నుంచి 80. మొదట్లో ఒకసారి, ఆ తర్వాత నాలుగు సెషన్లకోసారి నింపమనండి. పది మార్కులకు పైగా తగ్గితే పని జరుగుతున్నట్టే. ఎనిమిది సెషన్లయినా కదలకపోతే, పద్ధతి మార్చాలా మనిషిని మార్చాలా అని నేరుగా అడగండి. మనిషిని మార్చాల్సి వస్తే పాత కౌన్సెలర్ దగ్గర ఒక పేజీ సారాంశం రాయించుకోండి, కొత్త గదిలో మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాల్సిన అవసరం రాదు.