మూడు అంతస్తులకి ఒకటే నెట్ లైన్

ఎస్సార్ నగర్‌లో మా లేడీస్ హాస్టల్ మొత్తానికీ 100 ఎంబీపీఎస్ లైన్ ఒక్కటే. కింద అమీర్‌పేటలో కోర్సులు చేసేవాళ్లు, మధ్యలో ఉద్యోగస్తులు, పైన కాలేజీ పిల్లలు. ఒక సాయంత్రం పైన ఎవరో పెద్ద గేమ్ డౌన్‌లోడ్ పెట్టారు. కింద ఒకమ్మాయి వీడియో ఇంటర్వ్యూ మధ్యలోనే ఆగిపోయింది. "ఆంటీ, మళ్లీ పిలవరేమో" అని నా గదిలో కూర్చుని ఏడ్చింది.

మర్నాడే తలా 2 ఎంబీపీఎస్ అని హద్దు పెట్టేశాను. అది తప్పు. పగలు హాస్టలంతా ఖాళీగా ఉన్నా, జ్వరంతో ఉండిపోయిన అమ్మాయికి ఆ రెండే వచ్చేవి. రద్దీలో ఎవరి వాటా వాళ్లకి దక్కాలి, రద్దీ లేనప్పుడు మిగిలిందంతా వాడుకునేవాళ్లకి వెళ్లాలి. న్యాయం అంటే అదే కదా!

నా దగ్గరున్నది మైక్రోటిక్ కంపెనీ రౌటర్. ముందు ఒక్కో అంతస్తు కేబుల్‌ని ఒక్కో పోర్టుకి పెట్టి, ఆ పోర్టుల్ని బ్రిడ్జ్‌లోంచి (పోర్టుల్ని ఒకే నెట్‌వర్క్‌గా కలిపే సెట్టింగ్) తీసేసి, వేర్వేరు ఐపీ రేంజ్‌లు (ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ ఇచ్చే నెట్ అడ్రస్‌ల వరసలు) ఇవ్వండి. అడ్రస్‌ని బట్టే ఏ అంతస్తో తెలుస్తుంది, ఇక ఎవరి ఫోన్ ఏదని రాసుకునే పని ఉండదు.

తర్వాత రౌటర్‌లో స్పీడ్‌కి హద్దులు పెట్టే సింపుల్ క్యూస్‌లో మూడు రేంజ్‌లకీ కలిపి ఒక పెద్ద క్యూ పెట్టండి. మ్యాక్స్ లిమిట్ 100 కాదు, 90. లైన్ పూర్తిగా నిండితే డేటా నెట్ కంపెనీ పరికరంలో పేరుకుంటుంది, అక్కడ మన రూల్స్ చెల్లవు. ఆ పది వదులుకుంటేనే పంపకం మన చేతిలో ఉంటుంది. దాని కింద అంతస్తుకొక క్యూ: లిమిట్ ఎట్ 30, మ్యాక్స్ లిమిట్ 90. మొదటిది కచ్చితంగా దక్కే వాటా, రెండోది ఖాళీ ఉంటే వెళ్లగలిగే హద్దు. వాటాలన్నీ కలిపి 90 దాటకూడదు. దాటితే ఇచ్చిన మాట రద్దీలో నిలబడదు. అంతస్తులోపల ఒక్కో ఫోన్‌కీ, ల్యాప్‌టాప్‌కీ సమానంగా పంచడానికి క్యూ టైప్ పీసీక్యూ పెట్టండి. అప్‌లోడ్‌కీ ఇదంతా చేయాలి. ఫొటోల బ్యాకప్ ఒకటి నడిచినా వీడియో కాల్ ముక్కలైపోతుంది.

ఇంతా చేసి నేను సగం రోజు టెన్షన్ పడ్డాను, ఏ మార్పూ లేదు. ఫైర్‌వాల్‌లో ఫాస్ట్‌ట్రాక్ రూల్ ఆన్‌లో ఉంది. అది ఉంటే ట్రాఫిక్ క్యూల్లోకి రాకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. దాన్ని ఆపేయండి.

రాత్రి తొమ్మిదిన్నరకి రెండు అంతస్తుల్లో డౌన్‌లోడ్ పెట్టి, మూడోదాంట్లో పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే టైమ్) చూడండి. పెద్దగా పెరగకపోతే సరిగ్గా కుదిరినట్టే.

ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వాడే అమ్మాయికి రెండు వాటాలొస్తాయి, నిజమే. కానీ రద్దీలో అవి తన అంతస్తు ముప్పైలోంచే పోతాయి, కింద ఇంటర్వ్యూలో కూర్చున్న పిల్లది తగ్గదు.