పాత ఫ్లాట్ కొనాలన్నా, అమ్మాలన్నా: బయానాకి ముందు చేయాల్సిన పనులు

మేం రెండు పనులూ ఒకేసారి పెట్టుకున్నాం. హైదరాబాద్ ప్రగతినగర్‌లో పదేళ్లుగా ఉంటున్న టూ బీహెచ్‌కే అమ్మి, ఆ డబ్బుకి కొంత లోన్ కలిపి మియాపూర్ వైపు త్రీ బీహెచ్‌కే కొనడం. మొదలుపెట్టింది ఆషాఢంలో. మా అత్తగారు ముఖం మాడ్చుకున్నారు గానీ, ఆషాఢంలో కొనేవాళ్లు తగ్గుతారు కాబట్టి అమ్మేవాళ్లు మొదటి రింగుకే ఫోన్ ఎత్తుతారు, బేరానికి దిగుతారు, పైగా శ్రావణం వచ్చేలోపు కాగితాలు చూసుకోడానికి ఓ నెల చేతిలో ఉంటుంది. బయానా, అంటే బేరం కుదిరాక ఇచ్చే అడ్వాన్సు, శ్రావణంలోనే ఇచ్చాం, ఆవిడా శాంతించారు.

ఈ వ్యవహారంలో నాకు అర్థమైంది ఒక్కటే. బయానా ఇచ్చేదాకా కొనేవాళ్లది పైచేయి, ఇచ్చిన మరుక్షణం అది అవతలివాళ్ల చేతికి పోతుంది. "రేపు ఇంకో పార్టీ వస్తోంది, ఈరోజే లక్ష వేసేయండి" అని బ్రోకర్ కంగారు పెడితే వేయకండి. ఫ్లాట్ పోతే పోనివ్వండి, కూకట్‌పల్లి నుంచి బాచుపల్లి దాకా అపార్ట్‌మెంట్లకి కరువేం లేదు.

ఇల్లు నచ్చగానే సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు), లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు), అపార్ట్‌మెంట్ ప్లాన్, ఇంటి పన్ను రసీదు, వీటి జిరాక్సులు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపేయొచ్చు. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తనఖాలూ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, మీరే తీయండి, వాళ్లిచ్చింది నమ్మొద్దు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి దొరుకుతుంది. చాలామంది ఫ్లాట్ నంబర్ కొట్టి చూసి, ఏమీ లేదని మురిసిపోతారు, కానీ అపార్ట్‌మెంట్ కట్టకముందు అక్కడ ఫ్లాట్ నంబరెక్కడిది? సర్వే నంబర్ మీద, ప్లాట్ నంబర్ మీద కూడా విడిగా వెతకాలి. ఇంకో సంగతి, ఈసీలో కనపడేవి రిజిస్టర్ అయిన లావాదేవీలే. తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్లూ, ఇంట్లో అన్నదమ్ముల తగాదాలూ అందులో ఉండవు. వాటికోసం వాచ్‌మన్‌నీ, అసోసియేషన్ సెక్రటరీనీ కదిలించాలి.

మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన స్థలాల్లో కట్టినవే, అంటే కొన్ని ఫ్లాట్లు స్థలం ఓనర్‌వి, మిగతావి బిల్డర్‌వి. మీరు కొనే ఫ్లాట్ ఎవరి వాటాలోకి వచ్చింది, మొదట అమ్మింది ఆ వాటాదారేనా అన్నది వాళ్లిద్దరూ రాసుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో చూడాలి. సేల్ డీడ్ లేకుండా ఒట్టి జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) మీద చేతులు మారిన ఫ్లాట్ జోలికి పోకండి. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో, అంటే ప్రభుత్వ భూముల్లాంటి రిజిస్టర్ చేయకూడనివాటి జాబితాలో, ఉందేమో కూడా అదే వెబ్‌సైట్లో చూసుకోండి, రెండు నిమిషాల పని.

హైదరాబాద్‌లో కొనేవాళ్లు తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: "ఇది మార్ట్‌గేజ్ ఫ్లాటా?" బిల్డర్‌కి పర్మిషన్ ఇచ్చేటప్పుడు, ప్లాన్ తప్పి కట్టకుండా హామీగా, కట్టే విస్తీర్ణంలో పది శాతం దాకా మున్సిపాలిటీ పేరున తనఖా పెట్టించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. కొందరు బిల్డర్లు ఆ సర్టిఫికెట్ తెచ్చుకోరు, తనఖాలో ఉన్న ఫ్లాట్లని మాత్రం రేటు కాస్త తగ్గించి అంటగడతారు. రెండో అంతస్తులో ఫ్లాట్ పక్కవాటికన్నా ఐదు లక్షలు తక్కువకి వస్తోందంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. అలాగే ప్లాన్‌లో ఐదంతస్తులుండి, మీకు చూపిస్తున్నది ఆరో అంతస్తు పెంట్‌హౌస్ అయితే ఇక మాట్లాడుకోవాల్సిందేమీ లేదు.

చెరువు పక్కన కొనే సంగతి 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక అందరికీ తెలిసింది. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, దాని బయట ఉంటే సరిపోదు, అక్కణ్నుంచి బఫర్‌గా కొంత ఖాళీ జాగా కూడా వదలాలి. పాతిక ఎకరాలు దాటిన చెరువుకి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. బాల్కనీలోంచి చెరువు కనపడటం ఒకప్పుడు అమ్మేవాళ్లకి ప్లస్ పాయింట్, ఇప్పుడు కొనేవాళ్లకి టెన్షన్.

కొలతల్లోనూ మోసపోతాం. 1,250 చదరపు అడుగులంటే లోపల నడిచే జాగా కాదు, అందులో గోడలూ మెట్లూ లిఫ్టూ కారిడారూ అన్నీ కలిసి ఉంటాయి. టేపు పట్టుకెళ్లి హాలూ బెడ్‌రూములూ కొలవండి, ఎవరూ ఏమీ అనుకోరు. అంతకన్నా ముఖ్యం యూడీఎస్, అంటే స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో. పాతికేళ్లకి బిల్డింగ్ విలువ ఏమీ మిగలదు, మిగిలేది ఆ గజాలే. ఒకే రేటుకి రెండు ఫ్లాట్లుంటే గజాలు ఎక్కువున్నదాని వైపే మొగ్గుతాను, వంటగది కాస్త ఇరుకైనా సరే.

ఇల్లు చూడటం గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి, ఇంకోసారి గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. మే నెలలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తాయో వాచ్‌మన్ భార్యని అడగండి, బ్రోకర్‌ని అడిగితే "మంజీరా నీళ్ల కనెక్షన్ ఉంది మేడమ్" అంటాడు. మంజీరా ఉంటుంది నిజమే, ఎన్ని రోజులకోసారి అన్నది చెప్పడు.

మేం దాదాపు ఖాయం చేసుకున్న ఒక ఫ్లాట్ అమ్మేవాళ్ల నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన వీలునామా రాయకుండా పోయారు. కొడుకులిద్దరూ ఇక్కడే, కూతురు డల్లాస్‌లో. "చెల్లి ఏమీ అనదండీ, తర్వాత సంతకం పెడుతుంది" అని పెద్ద కొడుకు చాలా మర్యాదగానే చెప్పారు. మా ఆయన మెత్తబడ్డారు, నేను ఒప్పుకోలేదు. వారసుల్లో ఒక్కరి సంతకం లేకపోయినా వాళ్ల వాటా మనకి రాదు, అంతే. చివరికి ఆ చెల్లెలు అక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ అన్నగారి పేరున పంపారు. అలా బయటినుంచి వచ్చిన కాగితానికి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, లేకపోతే మళ్లీ ఇబ్బంది. ఆరు వారాలు ఆలస్యమైంది. మేమిప్పుడు ఉంటున్నది ఆ ఇంట్లోనే.

ఇక అమ్మేవాళ్లకి. ఫ్లాట్ అమ్మకానికి పెట్టకముందు మీ సేల్ డీడ్ మీరే ఒకసారి పూర్తిగా చదవండి. మేం పదేళ్లలో చదవలేదు. కొనేవాళ్ల బ్యాంకు లాయర్ చదివి, మా యూడీఎస్ 42 గజాలకి బదులు 24 అని టైపయిందని బయటపెట్టాడు. సవరణ దస్తావేజు రాయాలంటే అప్పట్లో మాకు అమ్మిన బిల్డరే మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. ఆయన ఆఫీసు మారింది, ఫోన్ నంబర్ మారింది, పట్టుకోడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కొనేవాళ్లు వెనక్కి పోతారేమోనని నాకు నిద్రలేదు.

మీ ఫ్లాట్ మీద లోన్ ఉంటే ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో ఉంటాయి కాబట్టి, వాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా, బాకీ ఎంతో తెలిపే లెటర్ ముందే తెచ్చిపెట్టుకోండి. కొనేవాళ్ల బ్యాంకు ఆ బాకీకి మీ బ్యాంకు పేరున డీడీ ఇస్తుంది, మిగతాది మీకు. బాకీ తీరాక 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకు రోజుకి ఐదు వేలు కట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, 2023 డిసెంబర్ నుంచి. కౌంటర్లో ఆ మాట మెల్లగా గుర్తుచేయండి, పనిచేస్తుంది.

డబ్బు లెక్కలో కొత్తవాళ్లు తడబడేది రిజిస్ట్రేషన్ ఖర్చు దగ్గర. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 70 లక్షల మీద ఐదుంపావు లక్షలు. దీనికి బ్యాంకు లోన్ ఇవ్వదు. ఇంటి విలువలోనూ, లోన్ 75 లక్షలు దాటితే 75 శాతానికి మించి ఇవ్వదు, కాబట్టి చేతిలో ఎంత ఉందో ముందే చూసుకోండి. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కోసి ఆదాయపు పన్ను శాఖకి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఆ ఒక శాతం లెక్క వర్తించదు, కోత చాలా ఎక్కువ, ఆ కేసు ఆడిటర్ చేతికి అప్పజెప్పండి. "కొంత క్యాష్ ఇవ్వండి" అనే మాట ఎలాగూ వస్తుంది. ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడుతుంది, అదీ అమ్మేవాళ్లకే. అమ్మిన లాభం మీద పన్ను తప్పాలంటే ఆ లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొనాలి, మా కేసులో అది కలిసొచ్చింది.

బ్రోకర్ కమీషన్ ఒక శాతమా రెండా అన్నది మొదటి ఇల్లు చూడకముందే మాట్లాడేసుకోండి, రిజిస్ట్రేషన్ రోజు మెట్ల దగ్గర కాదు.

ఇవన్నీ చూశాక బయానా, అదీ చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో. అగ్రిమెంట్‌లో గడువు తేదీతో పాటు ఒక వాక్యం పట్టుబట్టి రాయించండి: లీగల్‌గా కాగితాలు సరిగా లేవని తేలితే, లేదా ఈ ఆస్తి మీద బ్యాంకు లోన్ ఇవ్వనంటే, బయానా ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి. డాక్యుమెంట్ రైటర్ దగ్గరుండే పాత నమూనాలో ఈ వాక్యం ఉండదు, "అదంతా అక్కర్లేదమ్మా" అంటాడు. కూర్చుని రాయించండి.

రిజిస్ట్రేషన్ ముందురోజు రాత్రి డ్రాఫ్ట్‌ని ఇంట్లో ఇద్దరు విడివిడిగా చదవండి, ఒకరు పేర్లూ ఆధార్ నంబర్లూ, ఇంకొకరు గజాలూ హద్దులూ. సంతకాలయ్యాక తాళాలు తీసుకునేటప్పుడు కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి, మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ నుంచి కాగితం అడగండి. ఓ వారం ఆగి ఇంటి పన్ను రికార్డులో పేరు మారిందో లేదో చూడండి. మాది ఇంకా ఆ పోయిన నాన్నగారి పేరు మీదే చూపిస్తోంది, సోమవారం మళ్లీ సర్కిల్ ఆఫీసుకి వెళ్లాలి.