ఉద్యోగంలోంచి తీసేస్తూ శిక్షణ ఇప్పిస్తామంటున్నారా? అయితే ఇలా ఇప్పించండి

హెచ్‌ఆర్‌లో పనిచేస్తూ లేఆఫ్ లెటర్లు తయారుచేసిన మనిషిని నేను. ఆ లెటర్ల చివర ‘కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి సంస్థ సహకరిస్తుంది’ అని ఒక పేరా ఉంటుంది. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. అది చూసి మేనేజర్లు ‘మనం ఇచ్చినా వాళ్లకి నేర్చుకోవాలని లేదు’ అనేస్తారు. నేను ఒప్పుకోను. ఉద్యోగం పోయిన మనిషి కళ్ల ముందు మొదట కనబడేవి ఇంటద్దె, లోను కిస్తీ, పిల్లల ఫీజు. కోర్సు డబ్బు మనం కట్టినా, అది పూర్తయ్యేదాకా ఇల్లెలా గడుస్తుందో తేలకపోతే ఎవరు చేరతారు? శిక్షణ పథకం వేయాలనుకునే యజమాని కోర్సుల పట్టిక పక్కన పెట్టి, ముందు ఈ లెక్క తేల్చాలి.

ముందు రోజులు ఇవ్వండి

అన్నిటికంటే సులువైన పని నోటీసు పీరియడ్‌లో చదువుకు చోటివ్వడం. వారంలో రెండు రోజులో మూడు రోజులో జీతంతో సహా శిక్షణకు వదిలేయండి. ఆ మాట నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే ‘ముందు హ్యాండోవర్ పూర్తి చెయ్యి, తర్వాత చూద్దాం’ అనే టీమ్ లీడర్ ఒకరు ఎక్కడో ఒకచోట ఉంటారు, ఆ ‘తర్వాత’ రాకుండానే రిలీవింగ్ తేదీ వచ్చేస్తుంది.

స్తోమత ఉన్న సంస్థ అయితే కోర్సు నడిచినన్నాళ్లూ నెలనెలా కొంత భృతి ఇవ్వాలి. ఫ్రాన్స్‌లో వెయ్యిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థ ఆర్థిక కారణాలతో ఉద్యోగులను తీసేస్తే, వాళ్లకు సాధారణంగా 4 నుంచి 12 నెలల పునరుపాధి సెలవు ఇవ్వాలి. పూర్తిగా వేరే వృత్తిలోకి మారే శిక్షణ అయితే దాన్ని 24 నెలల దాకా పొడిగించవచ్చు. జర్మనీలో ఉద్యోగం పోయేవాళ్లను ఏడాదికి మించకుండా ఒక ప్రత్యేక సంస్థలోకి మార్చి, ప్రభుత్వ సాయంతో ఆదాయం ఇస్తూ అక్కడి నుంచే కొత్త పనికి సిద్ధం చేసే పద్ధతి ఉంది. భారతదేశంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్, రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగంలోంచి తీసివేత) అయిన కార్మికుడి ఖాతాలో 45 రోజుల్లోగా 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ నిధి నుంచి జమ చేయాలంటుంది. ఇవి చట్టం గీసిన కనీస గీతలు. అక్కడితో ఆగిపోనక్కర్లేదు.

ఇంకో మాట. ‘నష్టపరిహారం ఎక్కువ కావాలా, శిక్షణ కావాలా, ఏదో ఒకటి ఎంచుకోండి’ అని మాత్రం పెట్టకండి. చేతికి వచ్చే డబ్బే తీసుకుంటారు, తీసుకోవడమే సబబు. శిక్షణ డబ్బు దానికి అదనంగా, విడిగా ఉండాలి.

డబ్బు ఎటు వెళ్లాలి

పనిచేస్తున్న ఉద్యోగులకు అలవాటైన పద్ధతి రీయింబర్స్‌మెంట్: ముందు నువ్వు ఫీజు కట్టు, పాసయ్యాక బిల్లు పెట్టు. జీతం ఆగిపోయిన మనిషికి ఇది పనికిరాదు. ఫీజు సంస్థే నేరుగా శిక్షణ కేంద్రానికి కట్టాలి. పరీక్ష ఫీజు, లైసెన్సు ఫీజు, పుస్తకాలు, అక్కడికి వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు కూడా అందులోనే రావాలి. సగం దారిలో మానేసేవాళ్లు చాలాసార్లు మానేసేది ఇలాంటి చిల్లర ఖర్చుల దగ్గరే.

గడువు విషయంలో సంస్థలు మరీ పిసినారితనం చూపిస్తాయి. ‘మూడు నెలల్లో వాడుకోకపోతే రద్దు’ అని రాస్తారు. ఆ మూడు నెలలూ మనిషి చేసేది పాత ఉద్యోగంలాంటిదే మరొకటి వెతుక్కోవడం. అది దొరకదని అర్థమయ్యాకే కొత్త విద్య ఆలోచన వస్తుంది. అప్పటికి గడువు అయిపోతుంది. ఏడాదికి తక్కువ గడువు పెట్టొద్దు. రెండేళ్లయితే ఇంకా మంచిది.

సంస్థ సాయంతో ఇప్పటికే డిగ్రీయో డిప్లొమానో చదువుతున్నవాళ్లు జాబితాలో ఉంటే, వాళ్ల కోర్సు పూర్తయ్యేదాకా ఫీజు కట్టండి. శిక్షణ బాండ్ సంగతీ చూడండి. ‘ఇన్నేళ్లలోపు మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి’ అని సంతకం పెట్టించుకున్నది తనంతట తాను మానేసేవాళ్ల కోసం. మీరే పంపించేస్తూ ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో, అంటే వెళ్లేటప్పుడు ఇచ్చే ఆఖరి లెక్కలో, ఆ మొత్తం కోసేస్తే అంతకంటే అన్యాయం లేదు. కావాలని చేయకపోయినా పేరోల్ సాఫ్ట్‌వేర్ తనంతట అదే కోసేసే ప్రమాదం ఉంది. లేఆఫ్ కేసులకు ఆ కోత వర్తించదని ముందుగానే పేరోల్ టీమ్‌కు రాసి పంపాలి. అలాగే పోటీ సంస్థల్లో చేరకూడదన్న షరతు కూడా ఎత్తేయండి. ఒక చేత్తో శిక్షణ ఇచ్చి, రెండో చేత్తో ఆ రంగం తలుపులు మూసేయడమేమిటి?

ఏ కోర్సు?

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇక్కడే. ఏదో ఒక ఆన్‌లైన్ వేదికకు గుంపుగా సభ్యత్వాలు కొని, అందరికీ ఒకే లింకు పంపి, పని అయిపోయిందనుకుంటారు. ఇరవై ఏళ్లు మెషీన్ నడిపిన ఆపరేటర్‌కూ, నిన్నమొన్న చేరిన టెస్టర్‌కూ ఒకటే డేటా సైన్స్ కోర్సు!

ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడే సలహాదారు కావాలి. మొదటి మాట ‘ఏం నేర్చుకుంటారు’ అని కాకుండా ‘మీకు ఇప్పటికే ఏమేం వచ్చు’ అని ఉండాలి. ఆపరేటర్‌కు మెషీన్ రిపేరు సగం వచ్చే ఉంటుంది, కొంత శిక్షణతో మెయింటెనెన్స్ టెక్నీషియన్ కావచ్చు. కాల్ సెంటర్‌లో కోపంతో ఉన్న కస్టమర్‌తో ఓపిగ్గా మాట్లాడిన అమ్మాయికి ఆసుపత్రి అడ్మిషన్ డెస్క్ దగ్గరి దారి. మొదటి నుంచి మొదలుపెట్టడం కంటే పక్క మెట్టు మీదికి అడుగేయడం త్వరగా జీతం తెస్తుంది.

కోర్సుల మధ్య తేడా కూడా చిన్నది కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉద్యోగాలు పోయాక కమ్యూనిటీ కాలేజీల్లో చేరినవాళ్లను గమనించిన ఆర్థికవేత్తలు 2005లో ఫలితాలు ప్రచురించారు. సాంకేతిక శిక్షణ, గణితం, సైన్స్ చదివినవాళ్ల ఆదాయం బాగా పెరిగింది. మిగతా కోర్సుల లాభం చాలా తక్కువ. అందుకే శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునే ముందు రెండు అంకెలు అడగండి: చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు, పూర్తిచేసినవాళ్లలో ఎంతమందికి ఆ పనే దొరికింది. చెప్పలేకపోతే ఇంకో చోటు చూసుకోండి. అలాగే పనివాళ్లు కావలసిన పక్క సంస్థలతో ముందే మాట్లాడి, కోర్సు పూర్తయినవాళ్లకు కనీసం ఇంటర్వ్యూ అయినా ఇస్తామన్న మాట తీసుకోండి.

నోకియా 2011లో మొదలుపెట్టిన ‘బ్రిడ్జ్’ పథకం చూడదగ్గది. 13 దేశాల్లో సుమారు 18,000 మంది ఉద్యోగాలు పోయే పరిస్థితి. వాళ్ల ముందు ఐదు దారులు పెట్టారు: సంస్థలోనే ఇంకో ఉద్యోగం, బయట ఉద్యోగం, సొంత వ్యాపారం, కొత్త చదువు, లేదా తమకంటూ మరో మార్గం. ఉద్యోగం ముగిసే రోజుకే దాదాపు 60 శాతం మందికి తర్వాత ఏం చేయబోతున్నారో తెలుసట. చదువు ఆ ఐదింటిలో ఒకటి మాత్రమే, నాకు నచ్చింది అదే. అందరినీ తరగతి గదిలోకి తోయలేదు.

ఖర్చు భరించలేమనే చిన్న సంస్థలకు స్వీడన్ పద్ధతి ఆలోచించదగ్గది. అక్కడ 1974 నుంచి యజమానుల, ఉద్యోగుల సంఘాలు కలిసి నడిపే ఉద్యోగ భద్రతా మండళ్లు ఉన్నాయి. సంస్థలు జీతాల మొత్తంలో చిన్న వాటా వ్యాపారం బాగున్నప్పుడే కట్టుకుంటూ పోతాయి. తీసివేతలు వస్తే సలహా, శిక్షణ సాయం అందులోంచి వస్తాయి. ఒకే రంగంలోని చిన్న సంస్థలు కలిసి ఇలాంటి నిధి పెట్టుకోవచ్చు.

ఆఖరి వారం పనులు

కాగితాలు ముందు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశారు’ అని రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎందుకూ కొరగాదు. ఏ మెషీన్ నడిపారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడారు, ఎంతమంది టీమ్‌ను చూసుకున్నారు, ఏ భద్రతా శిక్షణ పొందారు, ఇవన్నీ రాయండి. పాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే కోర్సుల్లో ఈ కాగితం వల్ల కొన్ని సబ్జెక్టులు మినహాయింపు పొందే వీలుంది.

కంపెనీ ఈమెయిల్‌తో తెరిచిన కోర్సు ఖాతాలను సొంత ఈమెయిల్‌కు మార్చుకోమని కనీసం వారం ముందు చెప్పండి. ఐటీ వాళ్లు మెయిల్ ఆపేసిన క్షణాన ఆ సర్టిఫికెట్లన్నీ అందకుండా పోతాయి. కాంట్రాక్టు మీద అదే పని చేసినవాళ్లను కూడా పథకంలో చేర్చండి. ఎంతమంది చేరారన్నది చూసుకుని మురిసిపోకుండా, ఆరు నెలలకోసారి ఫోన్ చేసి ఇప్పుడేం చేస్తున్నారో, పాత జీతంతో పోలిస్తే ఎంత వస్తోందో అడిగి రాసుకోండి.

లెటర్‌లో ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. ఆ మనిషి పథకం గడువు ముగిసేదాకా సంస్థలో ఉండేవాళ్లే అయి ఉండాలి. తర్వాతి జాబితాలో హెచ్‌ఆర్ వాళ్ల పేర్లూ ఉండొచ్చు కదా.