తాబేలు ట్యాంక్‌కి ఫిల్టర్ కొనేముందు ఇవి చూస్కోండి

ముందు ట్యాంక్‌లో నీళ్లు ఎన్ని లీటర్లు పడతాయో కొలుచుకోండి. బాక్స్ మీద 200 లీటర్లకి అని రాసుంటే అది చేపల లెక్క, తాబేలు తినేదీ ఎక్కువే, పాడుచేసేదీ ఎక్కువే, కాబట్టి మీ నీళ్లకి కనీసం రెండు మూడింతల కెపాసిటీ ఉన్నది తీసుకోండి, అంటే 100 లీటర్ల నీళ్లుంటే 200 నుంచి 300 లీటర్లది. పెద్ద తాబేలుకి ట్యాంక్ బయటపెట్టే కానిస్టర్ (మూత ఉన్న డబ్బాలాంటి ఫిల్టర్) బెస్ట్ అని నా ఉద్దేశం, లోపల పెట్టేవి త్వరగా జామ్ అయిపోతాయి.

స్పాంజ్ ఒక్కటే ఉంటే చాలదు, సిరామిక్ రింగ్స్‌కి కూడా చోటుండాలి, తాబేలు మలమూత్రాల నుంచి వచ్చే విషం అమ్మోనియాని తగ్గించే మంచి బ్యాక్టీరియా ఎక్కువగా పెరిగేది వాటిమీదే. అందుకే వాటిని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడగొద్దు, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లతోనే కడగండి, అదీ వంటింటి సింక్‌లో మాత్రం వద్దు, మనకి జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా రిస్క్ ఉంటుంది.

పిల్ల తాబేలైతే ఫ్లో తగ్గించుకునే వీలుందా, నీళ్లు లాగే పైపుకి జాలీ ఉందా చూడండి. ట్యాంక్ సగమే నింపేవాళ్లయితే ఆ పైపు నీళ్లలో మునుగుతుందో లేదో కూడా.

వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడేలా వదలండి, లేకపోతే కారిన నీళ్లు సాకెట్‌లోకే పోతాయి. చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకేయండి. ఫిల్టర్ ఉంది కదా అని నీళ్లు మార్చడం మానేయకండి, ఆ బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చాక మిగిలే నైట్రేట్ అలాగే పేరుకుంటుంది.