"ఏం మందు వేయమంటారు?" అని అడిగే ముందు

ఫోన్ ఎత్తగానే నాకు ఎక్కువగా వినపడే మాట ఇదే. పశువైద్యురాలిగా నేను తిరిగి అడిగేవి మూడు: బరువెంత, ఆఖరి టీకా ఎప్పుడు వేయించారు, ఒంట్లో బాగున్నప్పుడు ఎలా ఉండేది? మొదటి రెండింటికి ఎలాగో తడుముకుని చెబుతారు. మూడోదానికి అవతల నుంచి మాట రాదు. నన్నడిగితే ముందుజాగ్రత్త అక్కడే మొదలవుతుంది.

కాబట్టి మీ కుక్కో పిల్లో హాయిగా ఉన్న రోజే ఈ పని చేయండి. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చోండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. నిమిషానికి 30 లోపే ఉండాలి. అంతకు మించి వస్తూ ఉంటే గుండె, ఊపిరితిత్తులు చూడాల్సిందే. తర్వాత పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. కొన్నిటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూసుకోండి. బరువు తూయడానికి దాన్ని ఎత్తుకుని మీరే తూకం మీద నిలబడి, మీ బరువు తీసేయండి. ఇవన్నీ తేదీ వేసి రాసిపెట్టుకోండి.

"ఒళ్లు కాలిపోతోందండీ" అంటారు చాలామంది. వాటి మామూలు వేడే సుమారు 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ముక్కు పొడిబారితే జ్వరమనేదీ నమ్మకండి. జ్వరం తేల్చేది థర్మామీటరే, అదీ మలద్వారంలో పెట్టి చూస్తేనే.

ఇక టీకాలు. "పిల్లకి అదే సూది అన్నిసార్లు ఎందుకు?" అని అనుమానంగా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తల్లి ముర్రుపాలతో వచ్చిన రక్షణ పిల్లను కాపాడుతుంది, అదే రక్షణ టీకానూ పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గిపోతుందో పిల్లపిల్లకీ తేడా. అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 2–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తాం. రెండు సూదులు పడ్డాయి చాల్లే అని పదో వారంలో ఆపేస్తే, ఆ రెండూ పట్టకుండానే పోయి ఉండొచ్చు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు ఇలాంటి కుక్కపిల్లలకే ఎక్కువగా వస్తుంది. ఏడాది వయసులోపు మరొకటి పడ్డాక, కుక్కలకు డిస్టెంపర్ (ఇదీ వైరస్ జబ్బే), పార్వోలకు సాధారణంగా మూడేళ్లకోసారి చాలు. లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు‌కి మాత్రం ఏటా వేయించాలి. రేబీస్ టీకా ఎన్నాళ్లకోసారో మీ ప్రాంతపు చట్టం చెబుతుంది.

ఇల్లు దాటని పిల్లికీ టీకా కావాలి. పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల జబ్బు తెచ్చే వైరస్ మీ చెప్పులకు అంటుకుని లోపలికి రాగలదు.

నట్టల మందు సంగతి: "మలంలో ఏమీ కనపడలేదు" అనేది జవాబు కాదు. గుడ్లు కంటికి కనపడవు. కుక్కపిల్లలకు ఏలికపాములు తల్లి కడుపులోనే చేరతాయి, అందుకే రెండో వారం నుంచే మందు మొదలుపెడతాం. పెద్దవాటికి ఎన్నాళ్లకోసారో అవి తిరిగే తీరును బట్టి డాక్టరే చెప్పాలి. పిడుదును కాల్చకండి, నూనె రాయకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగేయండి.

ఒక్క విషయంలో మాత్రం నేను గొంతు పెంచుతాను. మీ మందుల డబ్బా వాటిది కాదు. ఒక్క పారాసెటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిడుదులకని కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి విషం. "కొంచెమే వేశాను" అంటారు, ఆ కొంచెమే ఎక్కువ.

తెల్లారాక చూద్దాం అనుకోకూడనివి కొన్ని. మగపిల్లి మళ్లీ మళ్లీ ముక్కుతూ చుక్క మూత్రం పోయకపోవడం, ఛాతీ లోతైన పెద్ద కుక్కకు పొట్ట ఉబ్బి, ఓకరింతలే తప్ప ఏమీ బయటికి రాకపోవడం, చిగుళ్లు పాలిపోవడం. ఇలాంటప్పుడు ఫోన్ కూడా దారిలో చేయండి. పిల్లి పూర్తిగా తిండి మానేసి ఒక రోజు దాటినా ఆగకండి, లివర్ కొవ్వుపట్టి పాడవ్వొచ్చు.

వచ్చేటప్పుడు తాజా మలం చిన్న డబ్బాలో తెండి. కుక్కో పిల్లో ఏదైనా మింగి ఉంటే, మింగినదాని రేపర్ తెండి. కుంటుతున్నా దగ్గుతున్నా ఇంట్లోనే వీడియో తీయండి, ఎందుకంటే ఇంట్లో కుంటిన కుక్క భయానికి నా టేబుల్ దగ్గర తిన్నగా నడిచేస్తుంది. పిల్లి బుట్టను వచ్చే రోజున అటక మీంచి దించకండి. వారం ముందే తలుపు తీసి, దాని పాత దుప్పటి పరిచి మూలన పెట్టండి, అదే వెళ్లి పడుకుంటుంది.