రాక్ బ్యాలడ్ యుగళం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆలస్యంగా వచ్చే రెండో గొంతు

పోయిన పాఠంలో మగ గొంతు భాగానికి ఊపిరి తీసుకునే చోట్లు గుర్తు పెట్టుకున్నాం. ఈసారి ఆడ గొంతు. సాధనకు అదే పాట: అమెరికన్ రాక్ గాయకుడు మీట్ లోఫ్ 1993లో పాడిన ‘ఐడ్ డూ ఎనీథింగ్ ఫర్ లవ్’. రాసి, ప్రొడ్యూస్ చేసింది జిమ్ స్టైన్‌మన్.

ఆల్బమ్‌లో ఈ పాట దాదాపు 12 నిమిషాలు. ముప్పాతిక వంతు గడిచేదాకా ఆడ గొంతు రాదు. వచ్చాక మాత్రం పాట ఆవిడ చేతుల్లోకి వెళ్లిపోతుంది. ఆ గొంతు లోరెయిన్ క్రాస్బీది. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ ఆమెది. లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఆమె పాడింది గైడ్ వోకల్, అంటే అసలు గాయని పాడేదాకా దారి చూపడానికి తాత్కాలికంగా పాడి ఉంచేది. మన సినిమావాళ్లు ‘ట్రాక్’ అంటారు. తర్వాత పేరున్న గాయనితో పాడించాలనుకున్నారు. బోనీ టైలర్, చెర్ లాంటి పేర్లు అనుకున్నారు. చివరికి ట్రాక్‌నే ఉంచేశారు. ఆల్బమ్ మీద ఆమె పేరుకు బదులు ‘మిసెస్ లౌడ్’ అని వేశారు. మైకేల్ బే తీసిన వీడియోలో పెదవులు కదిపింది డానా పాట్రిక్. పాట 28 దేశాల్లో మొదటి స్థానానికి చేరింది. మీట్ లోఫ్‌కి గ్రామీ వచ్చింది, అదీ సోలో గానం విభాగంలో. గైడ్‌గా పాడినందువల్ల క్రాస్బీకి రాయల్టీ రాలేదు. ఇంత పాటను నిలబెట్టిన గొంతుకు ఇది అన్యాయమే.

ఇక పాడటం. ఆవిడ భాగంలో ఆరు చరణాలు. మొదటి నాలుగూ కోరికలు: నన్ను లేవనెత్తుతావా, ఈ ఊరి నుంచి బయటపడేస్తావా, ఇలా. ప్రతిదానికీ అతను ‘చేయగలను’ అంటాడు. చివరి రెండూ అడగడం కాదు, జోస్యం: కొన్నాళ్లకు అన్నీ మరిచిపోయి వెళ్లిపోతావు, వేరే వాళ్ల వెంట పడతావు. దానికి అతని జవాబు ‘అది మాత్రం చేయను’. అతను చేయనన్న ‘అది’ ఏమిటని చాలామంది అడిగేవారు. జవాబు ప్రతిసారీ ఆ ముందు పంక్తిలోనే ఉంది. అందుకే నాలుగో చరణానికీ ఐదో చరణానికీ మధ్య గొంతు మారకపోతే పాట అర్థమే పోతుంది.

ముందు శ్రుతి. ఆడ భాగంలో అన్నిటికంటే పైస్థాయి పంక్తిని వరసగా ఐదుసార్లు పాడండి. మూడోసారికే గొంతు బిగుసుకుంటే కరోకే యాప్‌లో శ్రుతిని రెండు సెమీటోన్లు (కీబోర్డ్‌లో పక్కపక్క మెట్ల మధ్య తేడా ఒక సెమీటోన్) దించండి, అవసరమైతే ఇంకొకటి. అంతకంటే దించితే మగ గొంతు కింది స్వరాల్లో నలిగిపోతుంది. ఇద్దరూ కలిసే శ్రుతి తేల్చుకోండి.

తర్వాత బలం పంచుకోవాలి. మీ పూర్తి బలాన్ని 10 అనుకుంటే మొదటి చరణం 4, రెండోది 5, మూడు నాలుగు చరణాలు 7. ఐదో చరణంలో గట్టిగా అరవకండి. 6కి దిగి, మాటలు తెగ్గొట్టినట్టు, రాగం సాగదీయకుండా పాడండి. ఆరోది 9. నేర్చుకునేవాళ్లు సాధారణంగా మొదటి పంక్తి నుంచే 9తో మొదలుపెడతారు. రాక్ అంటే కేక అనుకోవడమే దీనికి కారణం. అప్పుడు ఆరో చరణానికి ఏమీ మిగలదు.

రికార్డింగ్‌లో మైక్ నోటికి జానెడు దూరం. ఆరో చరణానికి మూరెడు వెనక్కి జరగండి, లేదా తల పక్కకు తిప్పండి. రికార్డింగ్ మీటర్‌లో లెవెల్ శిఖరం, అంటే శబ్దం చేరే అత్యధిక స్థాయి, మైనస్ 10 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. సున్నా తాకితే పగిలిన శబ్దం తర్వాత బాగుపడదు. ప, బ అక్షరాల దగ్గర గాలి దెబ్బ కొడుతుంటే పాప్ ఫిల్టర్ (మైక్ ముందు పెట్టే పల్చటి జాలీ) పెట్టండి, లేకపోతే మైక్‌ని నోటికి ఎదురుగా కాక కాస్త ఏటవాలుగా పెట్టండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే. రెండు చెవులూ మూసేస్తే సొంత శ్రుతి వినబడక స్వరం పక్కకు జరుగుతుంది. రివర్బ్ (గొంతు పెద్ద హాల్లో మోగినట్టు చేసే ఎఫెక్ట్) మాత్రం రికార్డ్ చేసేటప్పుడు వద్దు. అది తప్పుల్ని కప్పేస్తుంది.

‘ట్రాకే కదా’ అని సగం గొంతుతో పాడకండి. సగం బలంతో పాడితే ఊపిరి చోట్లు మారతాయి. తర్వాత పాడే గాయని ఆ చోట్లనే పట్టుకుంటుంది, పూర్తి బలంతో పాడేసరికి పంక్తి మధ్యలో ఊపిరి అందదు. క్రాస్బీ ట్రాక్ ఉండిపోయిందంటే అందులో ఏ లోటూ లేదనే.

పాడే ముందే ఒక మెసేజ్ పెట్టుకోండి: ‘ఈ టేక్ (ఒకసారి పాడి రికార్డ్ చేసినది) విడుదలలో వాడితే గాయకురాలిగా నా పేరు వేయాలి, పారితోషికం ఇంత.’ ‘సరే’ అని రాతలో జవాబు వచ్చాకే స్టూడియోకి వెళ్లండి. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం సవరించాక వాణిజ్యంగా వాడిన గానానికి గాయకులకు రాయల్టీ హక్కు ఉంది. కానీ గొంతు మీదే అని చూపించే కాగితం లేకపోతే అడగడం కష్టం. ఫైల్ పేరులోనే మీ పేరు, తేదీ రాసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

వచ్చే పాఠానికి పని: నాలుగు, ఐదు చరణాలు మాత్రమే, మూడు టేకులు. వింటున్నప్పుడు మాటలు పట్టించుకోకండి. ఐదో చరణం ఎక్కడ మొదలైందో గొంతును బట్టే తెలియాలి. తెలియకపోతే 7 నుంచి 6కి కాదు, 5కి దించి మళ్లీ పాడండి. రెండు గొంతుల్నీ మిక్స్ చేసే పని 5వ పాఠంలో.